కొట్లాడని రాణి: రాఘవేంద్ర గదగ్‌కర్ గారు, ఆయన కందిరీగలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసల్లో ఖాళీ ఉంది.

ఇవాళ ఒకే ఒక్క శాస్త్రవేత్త గురించి, ఆయన జీవితమంతా చూసిన ఒకే ఒక్క పురుగు గురించి మాట్లాడతాను. శాస్త్రవేత్త రాఘవేంద్ర గదగ్‌కర్ గారు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. పురుగు కందిరీగ. కందిరీగల్లో చాలా రకాలున్నాయి. ఆయనది రోపాలిడియా మార్జినేటా. ముదురు ఎరుపు ఒళ్ళు, కీళ్ళ దగ్గర పసుపు చుక్కలు, పొట్ట కింది భాగంలో ఒక పసుపు పట్టీ. దక్షిణ భారతదేశంలో కిటికీ మూలల్లో, సన్‌షేడ్ కింద, పాత భవనాల చూరుల్లో కాగితం లాంటి గూడు కట్టుకుని వేలాడుతూ ఉంటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి ఏం చేశారు? పొగ పెట్టారు, కర్రతో కొట్టారు, లేదంటే కిటికీ మూసేశారు. అవునా కాదా?

కందిరీగల తుట్టెను కదపొద్దని మనకో మాట ఉంది. ఆ మాట నిజమే, కుడతాయి. కానీ కదపకుండా చూడొచ్చు కదా? చూస్తే ఏం కనిపిస్తుంది? నలభై ఏళ్ళకు పైగా ఆయన చేసిన పని ఆ చూడటమే. ఆ చూడటంలోంచి ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసే ప్రతివాళ్ళూ చదవాల్సిన ఫలితాలు వచ్చాయి.

ఆయన 1953లో కాన్పూరులో పుట్టారు. కాలేజీ చదువు బెంగళూరు సెంట్రల్ కాలేజీలో, జువాలజీ. ఆ జువాలజీ డిపార్ట్‌మెంట్ కిటికీల మీదే ఈ కందిరీగల గూళ్ళు ఉండేవి. అక్కడ పడింది ఆయన కన్ను. అయితే ఆ రోజుల్లో తెలివైన కుర్రవాళ్ళందరినీ లాగుతున్నది మాలిక్యులర్ బయాలజీ. డీఎన్ఏ, వైరస్‌లు, ప్రయోగశాల. ఆయన కూడా అటే వెళ్ళారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బాక్టీరియాల్లో పెరిగే వైరస్‌ల మీద పనిచేసి 1979లో పీహెచ్‌డీ తీసుకున్నారు. మరి కందిరీగలు? వాటిని వదల్లేదు. ఆ పీహెచ్‌డీ నడుస్తున్నన్నాళ్ళూ తీరిక దొరికినప్పుడల్లా కందిరీగల్ని చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు మీరే ఆలోచించండి. చేతిలో మాలిక్యులర్ బయాలజీ డాక్టరేట్ ఉంది. ఆ రంగంలో ఉద్యోగాలున్నాయి, విదేశాలున్నాయి, పేరుంది. అదంతా పక్కన పెట్టి కందిరీగల వైపు తిరగాలంటే ఎవరో ఒకరు వెన్ను తట్టాలి. ఆ తట్టినవారు మాధవ్ గాడ్గిల్ గారు. అప్పటికి ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే జీవావరణ శాస్త్రం మీద పనిచేస్తున్నారు. 1983లో అక్కడ సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ మొదలైంది. గదగ్‌కర్ గారి పరిశోధన అంతా అక్కడే సాగింది. హాబీ అన్నది వృత్తి అయింది.

సరే, ఇక గూడు దగ్గరికి వెళ్దాం. అసలు కందిరీగల్ని చూడటం అంటే ఏమిటి? గూటి మీద ముప్పై ఉన్నాయనుకోండి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. రాణికి పెద్ద ఒళ్ళు ఉండదు, కిరీటం ఉండదు. తేనెటీగల్లో రాణిని చూడగానే పట్టేయొచ్చు, ఇక్కడ కుదరదు. ఏది ఏదో తెలియకుండా ఏం రాసుకుంటారు? అందుకని ముందు ఒక్కోదానికీ గుర్తు పెట్టాలి. త్వరగా ఆరిపోయే రంగు తీసుకుని, సన్నటి పుల్లతో వీపు మీద చుక్క పెడతారు. ఒకదానికి ఎరుపు, ఒకదానికి తెలుపు, ఇంకోదానికి ఎరుపు పక్కన నీలం. ఆ చుక్కల కలయికే దాని పేరు. ఇక అది పుట్టిన రోజు నుంచి చచ్చేదాకా దాని జీవితం మొత్తం నోట్‌బుక్కులోకి ఎక్కించొచ్చు.

గుర్తులు పెట్టాక గూటి ముందు కూర్చుంటారు. మధ్యమధ్య, ముందే అనుకున్న క్షణంలో, గూటి మీదున్న ప్రతి ఈగా ఆ క్షణాన ఏం చేస్తోందో రాస్తారు. ఊరికే కూర్చుందా? మీసాలు పైకెత్తి కూర్చుందా? నడుస్తోందా? అరలో తల దూర్చిందా? అసలు గూటి మీద లేనే లేదా? ఇది ఒక పద్ధతి. ఇంకో పద్ధతిలో, కొద్ది నిమిషాలపాటు కన్ను తిప్పకుండా చూసి, ఎవరు ఎవరిని కరిచారు, ఎవరు ఎవరికి మేత పెట్టారు, ఎవరు గుడ్డు పెట్టారు, జరిగిన ప్రతిదీ రాస్తారు. ఇందులో ముఖ్యమైన మాట ప్రతిదీ. మనకు ఆసక్తిగా ఉన్నదే రాస్తే లెక్క తప్పుతుంది. పక్కన రెండు ఈగలు కొట్లాడుకుంటుంటే కన్ను అటే పోతుంది, మూల కూర్చున్నదాన్ని మరచిపోతాం. ఈ పద్ధతి మన కన్నును అదుపులో పెడుతుంది.

అలా వచ్చిన అంకెల్ని గణితంతో విడదీస్తే, 1983లో ప్రచురించిన పేపర్లో, గూటిలోని ఆడ ఈగలు మూడు గుంపులుగా కనిపించాయి. కూర్చునేవి, కొట్లాడేవి, మేతకెళ్ళేవి. ఒక్క విషయం చెప్పాలి, ఎవరూ ముందుగా మూడు డబ్బాలు పెట్టుకుని ఈగల్ని అందులో వేయలేదు. ఏ ఈగ ఏ పనికి ఎంత సమయం ఖర్చు చేస్తోందో చూస్తే, వాటంతట అవే మూడు గుంపులుగా విడిపోయాయి.

మరి రాణి ఏ గుంపులో ఉంది? చెప్పండి, ఎవరైనా ఊహించండి. కొట్లాడే గుంపు అంటారా? శాస్త్రవేత్తలందరూ కూడా అలాగే అనుకున్నారు. అనుకోవడానికి కారణం ఉంది. 1940లలో ఇటలీలో లియో పార్ది అనే ఆయన పోలిస్టెస్ అనే కందిరీగల్ని చూసి, వాటిల్లో పెత్తనపు వరస ఉంటుందని చెప్పాడు. పైనున్నది కిందిదాన్ని కరుస్తుంది, మీదికెక్కుతుంది. అందరికంటే పైనున్నదే రాణి, గుడ్లు పెట్టేది అదే. అది గొప్ప పరిశోధన. అప్పటి నుంచి, ఇలాంటి చిన్న గూళ్ళలో రాణి అంటే అందరి మీదా పడి పెత్తనం చేసేదే అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది.

మన కందిరీగ గూట్లో రాణి కూర్చునే గుంపులో ఉంది! ఎవరినీ కరవదు, ఎవరి మీదా ఎక్కదు. గుడ్లు పెడుతుంది, కూర్చుంటుంది, తన మానాన తనుంటుంది. దీని దగ్గరి బంధువే రోపాలిడియా సయాథిఫార్మిస్ అని ఇంకో కందిరీగ ఉంది. దానిలో రాణి కొట్లాడే గుంపులోదే, పార్ది చెప్పినట్టే. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే ప్రజాతిలో. ఒకదానిలో రాణి గయ్యాళి, ఇంకోదానిలో రాణి సాధువు. నాకు ఈ ఫలితం అంటే ఎంతో ఇష్టం. ఎందుకంటే ఇక్కడి పురుగును ఇక్కడే చూడకపోతే ఇది బయటపడేది కాదు. యూరప్ పుస్తకం చదివి మన గూటి ముందు కూర్చున్నవాడు, ఎక్కువ కొట్లాడేదాన్నే రాణి అని రాసుకుని వెళ్ళిపోయేవాడు.

ఇప్పుడు అసలు చిక్కు మొదలైంది. రాణి ఎవరినీ ఏమీ అనదు. మిగిలినవన్నీ ఆడవే, చాలావాటికి గుడ్లు పెట్టే శక్తి ఉంది. అయినా పెట్టవు. ఎందుకు ఊరుకుంటున్నాయి?

దీనికి ఆయన బృందం చేసిన ప్రయోగం ఎంత సులువైందంటే, రాణిని గూటి మీంచి తీసేశారు. అంతే. ఏమైంది? అరగంట తిరగకముందే అప్పటిదాకా మామూలుగా ఉన్న ఒక ఈగ ఒక్కసారిగా రెచ్చిపోయి మిగిలినవాటి మీద పడటం మొదలుపెట్టింది. ఒక్కటే, రెండు కాదు. కరుస్తుంది, తరుముతుంది, మీదికెక్కుతుంది. మిగిలినవి ఎదురు తిరగవు. రాణిని వెనక్కి తెచ్చి పెడితే ఈ ఈగ మళ్ళీ చల్లబడి తన పని తాను చేసుకుంటుంది. రాణిని తేకపోతే? వారం రోజులకు అటూ ఇటూగా ఈ ఈగ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆ కోపం క్రమంగా తగ్గిపోతుంది. చివరికి ఇది కూడా పాత రాణిలాగే సాధువుగా కూర్చుంటుంది. అంటే ఆ దూకుడు సింహాసనం ఎక్కేటప్పుడు మాత్రమే, ఎక్కాక అవసరం లేదు.

ఎక్కాక పాలించేది వాసనతో. రాణి తన పొట్టను గూటికి రాస్తూ తిరుగుతుంది. పొట్ట చివర డ్యూఫోర్ గ్రంథి అని ఒకటుంది. దాని స్రావంలోని ఫెరోమోన్, అంటే కబురు మోసే రసాయనం, గూటికి అంటుకుంటుంది. మిగిలిన ఈగలు ఆ గూటి మీద నడుస్తూ, రాణి ఉంది అని తెలుసుకుంటాయి. ఇది గాలిలో తేలిపోయే వాసన కాదు. గూటిని రెండుగా కోసి మధ్యలో ఇనప జాలీ పెడితే, జాలీకి అవతల రాణి ఉన్నా సరే, ఇవతలివి రాణి లేదనే అనుకుంటాయి. ఇవతల ఒక ఈగ రెచ్చిపోతుంది.

జాలీ ప్రయోగం గురించి ఇంకొంచెం చెబుతాను, ఇది నిదానంగా వినండి. రాణిని తీస్తే ఒకే ఒక్క ఈగ వారసురాలిగా లేస్తుందని చెప్పాను కదా. అది ఎవరో రాణి ఉండగా ముందే చెప్పగలమా? ఒంటి సైజు చూశారు, పెత్తనపు వరసలో స్థానం చూశారు, అండాశయం ఎదుగుదల చూశారు. దేనితోనూ గట్టిగా చెప్పలేకపోయారు. మనకు తెలియదు సరే, ఈగలకు తెలుసా? దీన్ని ఎలా అడుగుతారు? ఈగను అడిగితే చెబుతుందా?

అడిగే దారి కనిపెట్టారు. గూటిని రెండు ముక్కలు చేసి, ఈగల్ని చెరి సగం అటూ ఇటూ పెట్టి, మధ్యలో జాలీ బిగించారు. రాణి ఒక పక్క. రాణి లేని పక్క ఒక ఈగ లేచింది. తర్వాత రాణినీ ఈ ఈగనూ అటూ ఇటూ మార్చారు. ఇప్పుడు ఈ ఈగ కొత్త పక్కకు వచ్చింది, ఇక్కడ రాణి లేదు. ఇది నిజమైన వారసురాలే అయితే ఈ పక్కవాళ్ళు కూడా దీన్ని ఒప్పుకోవాలి. నిజమైన వారసురాలు మొదటి నుంచీ ఈ పక్కనే ఉండిపోయి ఉంటే? అప్పుడు వచ్చినది తగ్గిపోవాలి, ఇక్కడున్నది లేవాలి. సరిగ్గా అలాగే జరిగింది. కొన్ని గూళ్ళలో వచ్చినదాన్నే ఒప్పుకున్నాయి. మిగిలిన గూళ్ళలో వచ్చినది వెంటనే వెనక్కి తగ్గింది, వేరొకటి లేచింది. తగవు పడి ఓడిపోవడం లేదు, గమనించండి. కొట్లాట లేకుండానే తగ్గిపోయింది. అంటే వరసలో తన ముందు ఎవరున్నారో ఆ ఈగకు తెలుసు. 2008లో ఈ ఫలితం వచ్చింది. తర్వాత 2012లో ఇంకో అడుగు వేశారు. రాణిని తీసి, దాని తర్వాత లేచినదాన్నీ తీసి, ఆ తర్వాతదాన్నీ తీసి, అలా వరసగా తీస్తూ పోయినా ప్రతిసారీ ఒకే ఒక్కటి లేచింది, గొడవ లేకుండా. వారసుల వరస అంత పొడుగునా ఉందన్నమాట.

అది ఎలా తెలుస్తోంది? వయసుకు కొంత పాత్ర ఉంది, పెద్దవి ముందుకు రావడం ఎక్కువ. కానీ అదొక్కటే సరిపోదు, ఎప్పుడూ పెద్దదే రాదు. ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే చాలా మిగిలి ఉంది.

మరి రాణి కొట్లాడకపోతే, ఆ కొట్లాడే గుంపు ఎవరి కోసం కొట్లాడుతోంది? మంచి ప్రశ్న, ముందు వరసలోంచి వచ్చింది. పనిచేసే ఈగల మధ్య జరిగే ఆ పెత్తనం మేతకు సంబంధించినది. గూటికి తిండి ఎక్కువ పెడితే కొట్లాట తగ్గింది. తిండి ఆపితే పెరిగింది. ఇంటిపట్టునుండే ఈగలు మేతకెళ్ళే ఈగల్ని కరిస్తే అర్థం ఆకలిగా ఉంది, వెళ్ళు అని. రాణి ఆజ్ఞ అక్కర్లేదు, పని వాళ్ళలో వాళ్ళే నడుపుకుంటారు.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. తను గుడ్లు పెట్టకుండా జీవితమంతా ఇంకొకరి పిల్లల్ని సాకే జీవి ఎందుకు ఉండాలి? డార్విన్‌నే ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. 1964లో విలియం హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త ఒక జవాబిచ్చాడు. నా జన్యువులు నా పిల్లల్లోనే కాదు, నా చెల్లెళ్ళలో కూడా ఉన్నాయి. చెల్లెళ్ళను పెంచినా నా జన్యువులు ముందుకు పోతాయి. పైగా చీమల్లో, తేనెటీగల్లో, కందిరీగల్లో ఒక వింత ఉంది. మగవి ఫలదీకరణ చెందని గుడ్డులోంచి పుడతాయి. తండ్రిలో ప్రతి జన్యువుకూ ఒక్క ప్రతే ఉంటుంది, అవి మొత్తంగా కూతుళ్ళందరికీ వస్తాయి. అందువల్ల ఒకే తల్లి, ఒకే తండ్రి పిల్లలైతే అక్కచెల్లెళ్ళ మధ్య జన్యువుల పోలిక నాలుగింట మూడు వంతులు. తన సొంత కూతురితో పోలిక సగమే. అంటే కూతుర్ని కనడం కంటే చెల్లెల్ని పెంచడం లాభం. అందమైన లెక్క.

గదగ్‌కర్ గారు ఆ లెక్కను గౌరవంగా తీసుకుని, దాన్ని తన గూటి మీద పరీక్షించారు. ప్రయోగశాలలో ఈగల ప్రొటీన్లను జెల్ అనే మెత్తటి పొర మీద విడదీసి పోల్చి చూస్తే, రాణి ఒక్క మగదానితోనే కాదు, ఒకటి కంటే ఎక్కువ మగవాటితో కలుస్తోందని తేలింది. తండ్రులు వేరైతే అక్కచెల్లెళ్ళ పోలిక పడిపోతుంది. సగటున 0.53. ముప్పావు ఎక్కడ, ఇదెక్కడ? అంతటితో ఆగలేదు. ఈ గూళ్ళలో రాణులు మారిపోతూ ఉంటాయి. ఈ రోజు పని చేస్తున్న ఈగ పెంచుతున్నది తన చెల్లెలినే కాకపోవచ్చు. అక్క పిల్లలు కావచ్చు, పిన్ని కూతురి పిల్లలు కావచ్చు. పోలిక సగానికంటే కిందికి వచ్చేసింది. మరి అంత దూరపు చుట్టం పిల్లల కోసం ఎందుకు చాకిరీ?

ఇక్కడే ఆయన 1990లో రాసిన ఆలోచన వస్తుంది. నా దృష్టిలో ఆయన పని మొత్తంలో ఇదే శిఖరం. ఈ కందిరీగ గుడ్డు పెద్ద ఈగ కావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. పనిచేసే ఈగ సగటు ఆయుష్షు నెల రోజుల లోపే. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒంటరిగా గూడు కట్టి, గుడ్డు పెట్టి, పిల్లను పెంచుతున్న తల్లి ఇరవయ్యో రోజున చచ్చిపోతే? పిల్ల కూడా పోయింది. ఇరవై రోజుల శ్రమ మొత్తం బూడిదలో పోసిన పన్నీరు. అదే ఈగ నలుగురున్న గూట్లో ఇరవై రోజులు పనిచేసి చచ్చిపోతే? తను సగం పెంచిన పిల్లని పక్కది పెంచుతుంది. సగం లేచిన గోడను ఇంకో మేస్త్రీ పూర్తి చేసినట్టు. ఆ ఇరవై రోజుల ఫలం ఎక్కడికీ పోలేదు. కాబట్టి చుట్టరికం తక్కువైనా, ఫలితానికి భరోసా ఉంది గనుక గుంపులో ఉండటమే లాభం. చావు ఎప్పుడొస్తుందో తెలియని జీవికి ఇది ఎంత పెద్ద సంగతో చూడండి. హామిల్టన్ సూత్రాన్ని ఇది కొట్టేయలేదు. ఆ సూత్రంలో చుట్టరికం పక్కనే లాభనష్టాలు కూడా లెక్కలోకి వస్తాయి, అందరూ చుట్టరికం వైపే చూస్తుంటే ఆయన లాభనష్టాల వైపు వేలు చూపించారు.

ఇంకా చాలా ఉన్నాయి, రెండు మాత్రం చెప్పి వదిలేస్తాను. అప్పుడే బయటికొచ్చిన ఆడ ఈగల్ని ఒక్కొక్కదాన్నీ విడిగా పెట్టి, తిండి ఇచ్చి చూస్తే, దాదాపు సగమే గూడు కట్టి గుడ్లు పెట్టాయి. అంటే రాణి అయ్యే మొగ్గు కొంత రెక్కల ఈగగా బయటికి రాకముందే పడుతోంది, పురుగు దశలో తిన్న తిండిని బట్టి. రెండోది మగవాటి సంగతి. మగ కందిరీగ గూట్లో పని చేయదు, కొద్ది రోజులుండి వెళ్ళిపోతుంది. చేతకాకనా? ఆడవాటిని తీసేసి మగవాటికి చేతితో తిండి అందిస్తే, అవి పిల్లలకు మేత పెట్టాయి! చేతనవును. అవకాశం రాలేదు, అంతే.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి లెక్క చూద్దాం. ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఏమేం పరికరాలు వాడారు? రంగు, పుల్ల, నోట్‌బుక్కు, గడియారం, ఇనప జాలీ, కత్తెర. జన్యువుల లెక్కకు, ఫెరోమోన్‌కు ప్రయోగశాల కావలసి వచ్చింది, నిజమే. కానీ అసలు ప్రశ్నలన్నీ కంటితో చూసి పుట్టినవే. గూళ్ళను పెంచే పెద్ద పంజరం కూడా అలాంటి ఆలోచనే. దాని జాలీ కన్నాల్లోంచి ఈ కందిరీగలు స్వేచ్ఛగా వచ్చిపోతాయి, పిల్లల్ని ఎత్తుకుపోయే పెద్ద కందిరీగ, వెస్పా ట్రాపికా, లోపలికి దూరలేదు. ఇంత తక్కువ ఖర్చుతో అగ్రస్థాయి పరిశోధన చేయొచ్చని ఆయన ఎప్పుడూ రాస్తూ, చెబుతూ ఉంటారు. మైక్రోస్కోపు కూడా లేని కాలేజీల్లో చదువుతున్న పిల్లలు ఇక్కడ కొందరున్నారు. మీకు ఈ మాట అందాలని నేను ఇంత దూరం వచ్చాను.

గుర్తింపులు త్వరగా చెప్పేస్తాను. 1993లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి. 2006లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో విదేశీ సభ్యత్వం. 2014 నుంచి 2016 వరకు ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ అధ్యక్షులు. 2004లో ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే సెంటర్ ఫర్ కాంటెంపరరీ స్టడీస్ మొదలుపెట్టి, చరిత్రకారుల్ని, తత్వవేత్తల్ని, కళాకారుల్ని శాస్త్రవేత్తల మధ్యకు తెచ్చారు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. గూడు కనిపిస్తే మొదట దూరంగా ఉండండి, గూడు కదలకుండా, నీడ పడకుండా కూర్చోండి. రంగు పెట్టడం నేర్పేవాళ్ళు పక్కన లేకుండా చేయొద్దు, కుట్టించుకుంటారు. రంగు లేకుండా కూడా చేయగలిగే పని చాలా ఉంది. పొద్దున ఎన్ని ఈగలున్నాయి, మధ్యాహ్నం ఎన్ని, మేత తెచ్చిన ఈగ దగ్గరికి మిగిలినవి ఎంతసేపట్లో వస్తాయి, అరలు వారానికి ఎన్ని పెరిగాయి. తేదీ, టైము వేసి రాయండి. ఇంట్లోవాళ్ళు పొగ పెడతామంటే నెల రోజులు గడువు అడగండి. ఈ జాతి మన దగ్గర ఏడాది పొడుగునా గూడు కడుతుంది, చలి దేశాల్లోలా చలికాలంలో ఆపేయదు. కాబట్టి వేసవి సెలవుల దాకా ఆగాల్సిన పని లేదు, రేపే వెతకండి. ఇక ప్రశ్నలు అడగండి, మైకు వెనక్కి పంపిస్తున్నాను.